నాలుగు పౌండ్ల తేడా

రాకెట్ల షాపు, వెనక గది
జూన్ 4

వదినకు,

ఈ ఉత్తరంతో పాటు మూడు టెన్నిస్ రాకెట్లు పంపుతున్నాను. పార్సిల్ విప్పి కంగారు పడకు. అవి నీకు కొన్నవి కావు, నీ చేత అమ్మించడానికీ కావు. మా షాపు యజమాని కొత్తగా మూడు కంపెనీల సరుకు తెప్పించాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. పేరున్న ఆటగాళ్లను అడిగితే ఎవరికి వారు తాము వాడేదే గొప్పదంటారు. మాకు కావలసింది వారానికి మూడు రోజులు, డ్యూటీ నుంచి వచ్చి, ఇంట్లో కూరగాయలు ఏమున్నాయా అని ఆలోచిస్తూ ఆడే మనిషి మాట. అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉందని చెప్పాను. కాబట్టి ఈ రోజు నుంచి నువ్వు మా షాపు నిపుణురాలివి. మీ పశువుల ఆసుపత్రిలో ఆవులకు కూడా ఆ సంగతి చెప్పుకోవచ్చు.

కంపెనీ పేర్లు కనపడకుండా ఫ్రేముల మీద టేపు చుట్టాను. ఒకదానికి ఎర్ర పట్టీ, ఒకదానికి నీలం, ఒకదానికి తెలుపు. పీకి చూడకు. పేరు చూశాక చేయి ఉన్నదున్నట్టు చెప్పదు, కన్ను చెప్పమన్నట్టు చెబుతుంది. మూడింటికీ గట్టింగ్ నేనే వేశాను, తీగలన్నీ ఒకే బిగింపులో ఉన్నాయి. ఆ బిగింపును పౌండ్లలో కొలుస్తాం. కొత్తగా వేసిన తీగ నాలుగైదు రోజుల్లో ఒక పౌండు దాకా దానంతటదే వదులవుతుంది. అంతకు మించి వదులు కాకముందే ఆడి, ఏది ఎలా ఉందో నీ మాటల్లో రాయి.

అన్నయ్యకు ఇవి చూపించాల్సిన పని లేదు. ఆరేళ్లుగా రాకెట్ ముట్టని మనిషిని ఇప్పుడు కదిలించడం ఎందుకు. ఆయన లేత్ మిషన్ ఆయనది, మన ఆట మనది.

నీ మరదలు

*

పశువుల ఆసుపత్రి, మందుల గది
జూన్ 19

మరదలికి,

ఒక దూడ కాలికి కట్టు కట్టి, చేతులు కడుక్కుని కూర్చుని రాస్తున్నాను. కాగితం మందు వాసన వస్తే సర్దుకో.

ఎర్ర పట్టీది తేలిక. దోమల బ్యాట్ పట్టుకున్నట్టుంది. తల పెద్దది కాబట్టి ఎక్కడ తగిలినా బంతి వెళుతుంది. ఎక్కడికి వెళుతుందో మాత్రం దానికే తెలియాలి. డెయిరీ వెనక మా కోర్టు నీకు తెలుసు కదా, రెండు బంతులు పాల క్యాన్లు కడిగే చోట పడ్డాయి. క్యాన్లు కడిగేవాళ్లు ఇంకోసారి పడితే బంతి వెనక్కి రాదన్నారు.

నీలం పట్టీది బరువు, తల చిన్నది. మా పెద్ద డాక్టరుగారి లాంటిది. పని సరిగ్గా చేస్తే మెచ్చుకోదు, తప్పు చేస్తే ఊరుకోదు. నడిమధ్యన తగిలితే బంతి చెప్పిన చోట పడుతుంది. కాస్త పక్కన తగిలిందా, మోచేయి దాకా జిల్లుమంటుంది. అరగంటకే భుజం పీకింది. బాగా ఆడేవాళ్ల చేతిలో ఇది బంగారంలా ఉంటుంది.

తెల్ల పట్టీదానితో ఏ గొడవా లేదు. బంతి తగిలినప్పుడు కొంచెం ఒంగినట్టుంటుంది, చేతికి సుఖం. సర్వ్ మాత్రం నీరసంగా వెళుతుంది. నా జోడీ, మందుల కౌంటర్ ఆవిడ, దీన్ని వదలనని కూర్చుంది. కొత్తగా నేర్చుకునే ఆడవాళ్లకు ఇది ఇవ్వండి. ఎర్రది పిల్లలకు ఇవ్వండి, కోర్టు చుట్టూ ఎత్తు కంచె ఉంటేనే.

మూడూ తిరిగి పంపుతున్నాను. నీలం దాని పిడి మీది గ్రిప్ ఊడివస్తే మళ్లీ చుట్టాం. మిగతావి పంపినట్టే ఉన్నాయి.

నువ్వు అడగకపోయినా మీ అన్నయ్య సంగతి చెబుతాను. బాగున్నారు. వర్క్‌షాపులో పని ఎక్కువగా ఉంది. చేసిన ప్రతి ముక్కనూ మూడేసి సార్లు కొలుస్తారని, కొలిచే వెర్నియర్ అరిగిపోతోందని ఆ యజమాని వేళాకోళం చేస్తుంటాడట. ఇదివరకు వేలితో తడిమి కొలత చెప్పే మనిషి. వయసేమో.

నీ వదిన

*

రాకెట్ల షాపు, వెనక గది
జూన్ 27

వదినకు,

నీ రిపోర్టు మా యజమానికి చదివి వినిపించాను. పెద్ద డాక్టరుగారి ముక్క దగ్గర రెండోసారి చదివించుకున్నారు. తెల్లవి ఒక డజను తెప్పిస్తున్నారు.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. తొమ్మిదేళ్లుగా రోజూ రాకెట్లు విప్పి కట్టే చేతులు నావి. కుడిచేతివాళ్లు గ్రిప్ చుట్టే తీరు ఒకటి, ఎడమచేతివాళ్లది దానికి ఎదురు. ఎర్రది, తెల్లది నేను చుట్టినట్టే వచ్చాయి. నీలం దాని చుట్లు తిరగబడి ఉన్నాయి. పైగా దాని ఫ్రేము కొసన రంగు లేచి, సిమెంటు మీద గీకిన గీతలు నాలుగున్నాయి. నెట్ దగ్గర ఒంగి, నేలకు ఆనే బంతిని కింద నుంచి తీసే మనిషి రాకెట్‌కు ఆ గీతలు పడతాయి. నువ్వు నెట్ వైపు వెళ్లవు. బంతి వేగంగా వస్తే పామును చూసినట్టు వెనక్కి జరుగుతానని పోయిన ఏడాది నువ్వే రాశావు.

మనింట్లో ఎడమచేతి మనిషి ఒకడే ఉన్నాడు. ‘చుట్టాం’ అని రాశావు, ఆ రెండో మనిషి ఎవరో రాయలేదు.

కోపం లేదు. ఊరికే అడుగుతున్నాను.

ఇంకో రెండు పంపుతున్నాను. పసుపు పట్టీ, ఆకుపచ్చ పట్టీ. ఆడి రాయి. ఆడినవాళ్లందరూ రాయవచ్చు.

నీ మరదలు

*

ఇల్లు, వరండా
జూలై 9

మరదలికి,

షాపులో కూర్చుని మా ఇంట్లో ఎవరు ఏం చేశారో చెప్పేస్తున్నావు. నీతో జాగ్రత్తగా ఉండాలి.

దాచాలని దాచలేదు. ఆయనే రాయొద్దన్నారు. ఒక సాయంత్రం మందుల కౌంటర్ ఆవిడకు జ్వరం వచ్చి రాలేదు. నన్ను తీసుకెళ్లడానికి మీ అన్నయ్య సైకిల్ మీద వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. కాసేపు నాకు బంతులు ఏరివ్వమన్నాను. “ఏరడానికైతే వస్తాను” అని లోపలికి వచ్చారు. పది బంతులు ఏరి చేత్తో విసిరారు. పదకొండోది విసరడానికి బద్ధకమై నీలం రాకెట్‌తో ఇటు తోశారు. అంతే, ఇక గంట సేపు కోర్టు వదల్లేదు. చొక్కా కూడా మార్చుకోలేదు. ఇంటికి వస్తూ ఆయన అన్న ఒకే మాట, “పొట్టికి రాయకు. మళ్లీ మొదలుపెట్టాడనుకుంటుంది.”

పొట్టి అంటే నువ్వేనని నాకు ఆ రోజే తెలిసింది. నాలుగేళ్లు కాపురం చేసినా ఆ పేరు నా చెవిన పడలేదు.

ఆ తరువాత ఆరుసార్లు వచ్చారు. ఆడాక ఆయన మోచేయి తడుముకుంటే పట్టి చూశాను, ఏమీ లేదు. ఆవుల కీళ్లు చూసే మనిషిని, మొగుడి కీలు చూడలేనా.

ఇక రాకెట్లు. ఇద్దరం విడివిడిగా రాసుకుని తరువాత కలిపి చూసుకున్నాం. నా మాట: పసుపుది కష్టపడకుండానే బంతిని పంపుతుంది, చేతికి మెత్తగా ఉంటుంది, అయితే గీత దాటి పడేవి ఎక్కువ. ఆకుపచ్చది గట్టిది, కొట్టినంతే వెళుతుంది, గీత లోపలే ఉంటుంది. మీ అన్నయ్య మాట: “పసుపుది తోలుకుపోతోంది. ఆకుపచ్చది మాట వింటోంది.” ఆయన ఆకుపచ్చదాన్నే పట్టుకుంటున్నారు. రెండూ రెండు వేరు కంపెనీలవని, పసుపుదాని ఫ్రేము లోపల డొల్లగా ఉండి ఉంటుందని ఇద్దరం తేల్చాం. పసుపుది ఎవరికీ అంటగట్టకండి.

నీ వదిన

*

రాకెట్ల షాపు, వెనక గది
జూలై 15

వదినకు,

నీ ఉత్తరం చదివి నేనూ మా యజమానీ కడుపు పట్టుకుని నవ్వాం. ఆ రెండూ ఒకే కంపెనీవి. ఒకే పెట్టెలోంచి తీసినవి. బరువు, తల, పొడవు, అన్నీ ఒకటే. నేను చేసిందల్లా పసుపుదానికి తీగలు యాభై పౌండ్లకు, ఆకుపచ్చదానికి యాభై నాలుగుకు బిగించడం. వదులు తీగ బంతిని ఉయ్యాలలా ఊపి దూరం విసురుతుంది, బిగువు తీగ కొట్టినంతే ఇస్తుంది. మీరు ఫ్రేము డొల్ల దాకా వెళ్లారు. రాకెట్లను తిట్టేవాళ్లలో సగం మంది తిట్టాల్సింది గట్టింగ్ వేసినవాళ్లనేనని మా యజమానికి చూపించడానికే ఈ పరీక్ష పెట్టాను. మీ ఇద్దరి పుణ్యమా అని నా మాట నెగ్గింది.

అన్నయ్య చేయి అలాగే ఉందని తెలిసి సంతోషం. రెంటికీ ఉన్న తేడాను ఒక్క మాటలో చెప్పాడు.

నీ మరదలు

*

ఇల్లు, వరండా
జూలై 21

మరదలికి,

నీ ఉత్తరం అన్నం తినేటప్పుడు పైకి చదివాను. నాకు నవ్వు ఆగలేదు. మీ అన్నయ్య నవ్వలేదు. “నాలుగు పౌండ్లకేనా?” అన్నారు. అవునట అన్నాను. ఆ ముక్క మళ్లీ చదవమన్నారు. చదివాను.

చేయి కడుక్కుని వెళ్లి బీరువా మీద నుంచి తన పాత రాకెట్ దించారు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి అది అక్కడే ఉంది, దుమ్ము దులపడానికి తప్ప ముట్టలేదు. వరండాలో కూర్చుని బొటనవేలితో తీగలు నొక్కుతూ ఉండిపోయారు. ఇన్నేళ్లయింది, ఆ తీగల్లో ఇప్పుడేం తెలుస్తుందన్నాను. ఏమీ తెలియదన్నారు.

తరువాత తనే చెప్పారు. మీ అన్నాచెల్లెళ్లు జోడీగా ఆడిన ఆఖరి మ్యాచ్ సంగతి. ఓడిపోయారని తెలుసు గాని ఎలా ఓడిపోయారో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు తన బంతులన్నీ గీతకు జానెడు అవతల పడ్డాయట. మొదటి సెట్ అయ్యాక నీ దగ్గరికి వచ్చి, గట్టింగ్ ఎప్పటిలాగే వేశావా అని అడిగారట. ఎప్పటిలాగే అన్నావట. “పొట్టి అబద్ధం చెప్పదు. కాబట్టి నా చెయ్యే పోయిందనుకున్నాను” అన్నారు.

నిన్ను అడగమని ఆయన అనలేదు. నేనే అడుగుతున్నాను. వర్క్‌షాపులో ఆయన మూడుసార్లు కొలిచేది వయసు వల్ల కాదని నాకిప్పుడు తోస్తోంది. నీకు తెలిసింది ఏమైనా ఉంటే ఉందని రాయి. లేకపోతే లేదని రాయి. మధ్యలో ఉండే జవాబు వద్దు.

నీ వదిన

*

అద్దె గది
జూలై 26

వదినకు,

ఉంది.

పోయిన ఉత్తరం డబ్బాలో వేసి షాపుకు తిరిగి వస్తుండగా నేనేం రాశానో నాకు తట్టింది. యాభై, యాభై నాలుగు. అవే అంకెలు. పరీక్ష పెట్టాలనుకున్నప్పుడు ఏ రెండు అంకెలైనా సరిపోయేవి. చేయి అలవాటున ఆ రెండే తీసుకుంది.

ఆ మ్యాచ్‌కు ముందు నెల రోజులుగా అన్నయ్య మోచేయి నొప్పిని దాస్తున్నాడు. మంచినీళ్ల గ్లాసు కుడిచేత్తో ఎత్తడం చూశాను. అడిగితే ఏమీ లేదన్నాడు. రెండోసారి అడిగితే నీ పని నువ్వు చూసుకో అన్నాడు. నా పని గట్టింగ్. తీగ వదులుగా ఉంటే మోచేయికి అదురు తక్కువ తగులుతుందని నాకు ఈ పని నేర్పినాయన చెప్పాడు. యాభై నాలుగుకు వేయాల్సింది యాభైకి వేశాను. చెబితే విప్పించి మళ్లీ వేయిస్తాడు. అందుకని చెప్పలేదు. బంతి దూరం పోతుందని తెలుసు. రెండు మూడు ఆటల్లో సర్దుకుంటాడనుకున్నాను. సర్దుకోలేకపోయాడు.

కోర్టులో అడిగినప్పుడు నిజం చెప్పి ఉంటే రెండో సెట్‌కు సంచిలో ఉన్న వేరే రాకెట్ తీసుకునేవాడు. పదిమందిలో కోప్పడతాడని ఎప్పటిలాగే అన్నాను. ఆ రాత్రి చెప్పాలనుకున్నాను. ఆ వారం చెప్పాలనుకున్నాను. అన్నయ్య రాకెట్ బీరువా మీద పెట్టేశాక, ఓడిపోయిన బాధ, పోతుందిలే అనుకున్నాను. పోలేదు. అప్పటికి చెప్పాల్సిన రోజు దాటిపోయింది, ఆ తరువాత ప్రతి రోజూ ఇంకాస్త దూరమైంది. మరుసటి ఏడాది ఈ షాపులో పని దొరికితే అందుకే వచ్చేశాను. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ బీరువా ఉన్న గదిలోకి వెళ్లకుండా చూసుకునేదాన్ని.

ఆయన చేయి ఏ రోజూ తప్పు చెప్పలేదు. తప్పు చెప్పింది నేను.

ఈ ఉత్తరం అన్నయ్య చేతికివ్వు. నువ్వు చదివి వినిపించకు.

నీ మరదలు

*

పశువుల ఆసుపత్రి, మందుల గది
ఆగస్టు 8

మరదలికి,

ఇచ్చాను. గుమ్మంలో నిలబడి చదివారు. మడిచి జేబులో పెట్టుకుని, “మోచేయి నిజంగానే నొప్పిగా ఉండేది” అన్నారు. ఆ తరువాత తొమ్మిది రోజులు ఆ మాట ఎత్తలేదు. కోర్టుకూ రాలేదు. నేను నీ తరఫున మాట్లాడలేదు, ఆయన తరఫునా మాట్లాడలేదు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ పొగరో అని ఆలోచించి, మీ అమ్మ ఇద్దరికీ సమానంగా పంచిందని ఒక నిర్ణయానికి వచ్చాను.

నిన్న క్యారియర్ మరిచిపోతే వర్క్‌షాపుకు పట్టుకెళ్లాను. ఒక ఇరుసు ముక్క మిషన్ మీద నుంచి తీసి, వేలితో తడిమి, ఒక్కసారి కొలిచి, పెట్టెలో వేసి ఇంకోటి అందుకున్నారు. నేను నిలబడి చూశాను. ఆ తరువాత ఇంకో మూడు చేశారు. అన్నీ ఒక్కసారే. ఏం చూస్తున్నావన్నారు. ఏమీ లేదన్నాను.

కొన్నాళ్లు నువ్వేమీ రాయకు.

నీ వదిన

*

ఇల్లు
ఆగస్టు 30

పొట్టీ,

నా పాత రాకెట్ పంపుతున్నాను. ఫ్రేము బాగానే ఉంది. తీగలు కోసి తీసేశాను.

ఓడిపోయినందుకు నాకేం లేదు. అంతకు ముందు ఎన్ని ఓడిపోలేదు. ఆ రోజు బంతి తగలగానే తీగ వదులుగా ఉందని నా చేయి చెప్పింది. నిన్ను అడిగాను. నీ మాట నమ్మి నా చేతిని నమ్మలేదు. తరువాత మిషన్ దగ్గర కూడా నమ్మలేదు. నాకు కోపం వచ్చింది దానికి. చాలా వచ్చింది. ఉత్తరం రాయడానికి ఇన్ని రోజులు పట్టింది అందుకే.

మోచేయి సంగతి నువ్వు రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ లేదన్నాను. అదీ అబద్ధమే. ముందు ఆడింది నేను.

దీనికి గట్టింగ్ వెయ్యి. నీకు ఎంత సరి అనిపిస్తే అంత బిగించు. ఎంత బిగించావో కాగితం మీద రాసి పంపు.

అన్నయ్య

*

రాకెట్ల షాపు, వెనక గది
సెప్టెంబరు 6

అన్నయ్యకు,

వేశాను. ఎంతకు వేశానో కాగితం మీద రాసి, చిన్న కవర్లో పెట్టి అంటించి, గ్రిప్‌కు కట్టాను. రాసి పంపమన్నావు గాని, నేను చెబితే విని నమ్మడం ఇక వద్దు. ముందు నువ్వు కోర్టుకు వెళ్లి ఆడు. నీ చేయి ఎంత అంటుందో ఆ అంకె ఒక కాగితం మీద రాసి వదినకు ఇవ్వు. ఆ తరువాత కవరు విప్పు.

గ్రిప్ ఎడమచేతికి చుట్టాను.

పొట్టి

*

ఇల్లు, వరండా
సెప్టెంబరు 14

పొట్టీ,

పార్సిల్ అయిదో రోజుకు చేరింది. ఆ సాయంత్రమే ఆడాం. నెట్ దగ్గర కాసేపు, వెనక కాసేపు, సర్వ్‌లు ఒక ఇరవై. యాభై రెండు అని రాసి మీ వదినకు ఇచ్చాను. తను దాన్ని చేతిలో పట్టుకుని కవరు చింపింది. నువ్వు రాసింది యాభై మూడు. “ఈయన ఒక పౌండు తప్పారు, ఆసుపత్రిలో ఇలాంటి కొలత చెబితే ఆవు చస్తుంది” అని మీ వదిన కోర్టంతా తిరిగి అందరికీ చెప్పింది. మందుల కౌంటర్ ఆవిడ చప్పట్లు కొట్టింది.

నేను లెక్క చూసుకున్నాను. తీగ కట్టిన అయిదో రోజుకు ఒక పౌండు దిగుతుంది. నువ్వు మొదట పంపిన ఉత్తరంలోనే ఆ మాట ఉందట, మీ వదిన వెతికి చూపించింది. నువ్వు కట్టినప్పుడు యాభై మూడు. నేను కొట్టినప్పుడు యాభై రెండు. నువ్వు రాసిందీ సరే, నా చేయి చెప్పిందీ సరే.

ఆకుపచ్చదాని కంటే ఇదే బాగుంది. అది బంతిని చెప్పిన చోటికే పంపుతుంది గాని చేతికి ఏమీ చెప్పదు. ఇది చెబుతుంది. ఆకుపచ్చది మీ వదిన తీసేసుకుంది, మీ యజమానికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. పసుపుదానికి తీగలు మార్చి ఎవరికైనా ఇవ్వండి, పాపం దాని తప్పేం లేదు.

వచ్చే నెల రెండో ఆదివారం ఇక్కడ కోర్టు ఖాళీ. మీ వదిన, ఆ మందుల ఆవిడ కలిసి మనిద్దరినీ ఓడిస్తామంటున్నారు. వారం ముందే వచ్చి కాస్త ఆడి చూసుకో. నెట్ దగ్గర నేను నిలబడతాను. వెనక పడేవి నువ్వు చూసుకో.

అన్నయ్య